ముందుండి ఆగిపోతే

అందరికీ నమస్కారం.

చెస్ టోర్నమెంట్లలో ఓడి బయటికొచ్చిన పిల్లలు తరచుగా అనే మాట ఒకటుంది: "సార్, ఓపెనింగ్‌లో నేనే బాగున్నాను." అందులో అబద్ధం లేదు. స్కోర్‌షీట్ చూస్తే పన్నెండో ఎత్తు దాకా వాళ్లదే పైచేయి. ఆ తర్వాత అంచు బంట్లని ఒక్కో గడి తోస్తూ హెచ్3 ఒకటి, ఏ3 ఒకటి (ఇవి గడుల పేర్లు), బిషప్ ఒక గడి వెనక్కి, ఏనుగు ఊరికే పక్కకి. విడిగా చూస్తే ఏ ఎత్తునీ తప్పు అనలేం. ఇరవయ్యో ఎత్తుకల్లా ఆట సమానం.

ఆధిక్యాలన్నీ ఒక రకం కావు. మనకి ఒక బంటు ఎక్కువుంటే ఎండ్‌గేమ్ దాకా, అంటే పావులు తగ్గిపోయిన ఆఖరి దశ దాకా, దాచుకోవచ్చు, తొందరేమీ లేదు. మన పావులు ముందే బయటికొచ్చి ఎదుటివాడివి ఇంకా మొదటి వరసలోనే ఉంటే మాత్రం ఆ ఆధిక్యానికి గడువుంటుంది. వాడికి రెండు మూడు ఎత్తుల తీరిక దొరికిందా, ఇక అది లేనట్టే. మొదటి ప్రపంచ ఛాంపియన్ స్టైనిట్జ్ చెప్పిన సూత్రం ఇదే: ఆధిక్యం ఉన్నవాడు దాడి చెయ్యాలి, లేదంటే అది చెయ్యి జారిపోతుంది.

1858లో పారిస్ ఒపేరా హౌస్‌లో అమెరికన్ ఆటగాడు పాల్ మార్ఫీ తెల్ల పావులతో ఆడిన ఆట మీలో చాలామందికి కంఠతా వచ్చు. చివర్లో మంత్రిని బలిచ్చిన ఎత్తుకే అందరూ చప్పట్లు కొడతారు. నేనైతే పదో ఎత్తు దగ్గర ఆగుతాను. నల్ల పావులతో ఆడుతున్నవాళ్లు బీ5కి బంటు తోసి బిషప్‌ని బెదిరించారు. వాళ్ల మంత్రి ఈ7లో కూర్చుని సొంత బిషప్‌కే దారి మూసేసింది, రాజు ఇంకా నడిమధ్యలోనే. అప్పుడు మార్ఫీ బిషప్‌ని వెనక్కి తీసుకున్నా తెల్లదే మెరుగైన స్థితి. కానీ నల్లవాళ్లకి గుర్రం తియ్యడానికి, మంత్రిని జరపడానికి, క్యాజిలింగ్ (ఒకే ఎత్తులో రాజునీ ఏనుగునీ జరిపి రాజుని భద్రపరచడం) చెయ్యడానికి సమయం దొరికేది. అతను గుర్రాన్నిచ్చి రెండు బంట్లు తీసుకున్నాడు, రెండోది చెక్‌తో. వెంటనే మంత్రి వైపు క్యాజిలింగ్ చేస్తే ఏనుగు నేరుగా డీ-ఫైల్ (డీ గడుల నిలువు వరస) మీదికొచ్చింది. పదిహేడో ఎత్తుకి చెక్‌మేట్.

అలాగని ప్రతిసారీ పావులు బలివ్వమని కాదు. నిదానంగా ఆడటం వేరు, చేతులు కట్టుకుని కూర్చోవడం వేరు. 1974 నీస్ చెస్ ఒలింపియాడ్‌లో జర్మన్ ఆటగాడు ఉంజికర్ మీద సోవియట్ ఆటగాడు కార్పోవ్ ఇరవై నాలుగో ఎత్తుగా బిషప్‌ని ఏ7లో పెట్టాడు. మూలన దాచినట్టే కనిపిస్తుంది. నిజానికి ఏ-ఫైల్ మీద ఏనుగుల మార్పిడికి దారి మూసేసి, ఆ ఫైల్‌ని తన చేతిలో ఉంచుకుని, తీరిగ్గా అటువైపు రాజు మీదికి తిరిగాడు. నిశ్శబ్దమైన ఎత్తే, కానీ ఎదుటివాడికి ఊపిరాడనివ్వలేదు.

అదే కార్పోవ్ పదేళ్ల తర్వాత ప్రపంచ ఛాంపియన్‌గా మాస్కోలో యువ ఆటగాడు కాస్పరోవ్‌తో టైటిల్ మ్యాచ్ ఆడాడు. ముందుగా ఆరు ఆటలు గెలిచినవాడిదే టైటిల్, డ్రాలు లెక్కలోకి రావు. తొమ్మిది ఆటలకి కార్పోవ్ 4-0తో ముందున్నాడు. తర్వాత వరసగా పదిహేడు డ్రాలు! ఒక్క ఓటమీ లేకుండా 6-0తో ముగించాలనుకున్నాడని చాలామంది అంటారు. తప్పంతా అతనిదే అనను. కాస్పరోవ్ కూడా రిస్క్ మానేసి గట్టిగా నిలబడటం నేర్చుకున్నాడు. అయితే ఆ నేర్చుకునే వ్యవధి ఇచ్చిందెవరు? ఇరవై ఏడో ఆటతో 5-0. ఇంకొక్క గెలుపు చాలు, అది రానే లేదు. కాస్పరోవ్ 32, 47, 48 ఆటలు గెలిచాడు. 1985 ఫిబ్రవరిలో ఫలితం లేకుండానే మ్యాచ్ ఆపేశారు. ఆ ఏడాది నవంబర్‌కి, కొత్తగా పెట్టిన మ్యాచ్‌లో, టైటిల్ చేతులు మారింది.

మీరు ముందున్నప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఎదుటివాడికి ఇప్పుడు ఒక ఎత్తు ఊరికే ఇస్తే ఏం ఆడతాడు? క్యాజిలింగ్ అయితే దాన్ని ఎలా ఆపాలో ముందు వెతకండి. హెచ్3 సంగతి తర్వాత.

ఇప్పుడు ఇద్దరు ముందుకొచ్చి బోర్డు పెట్టండి. మార్ఫీ ఆటలో పదో ఎత్తు, తెల్ల బిషప్‌ని ఈ2కి వెనక్కి తీద్దాం. నల్లవైపు కూర్చునేది ఎవరు?