మామోగ్రామ్‌కి కాంట్రాస్ట్ పెంచడం: ఫిజీలో క్లాహే

ఫిజీ, అంటే బొమ్మల్ని విశ్లేషించే సాఫ్ట్‌వేర్, తెరిచే ఉంది. మామోగ్రామ్ అంటే రొమ్ము ఎక్స్‌రే. అందులో కాంట్రాస్ట్‌ని చోటు చోటుగా, ఒక హద్దు లోపల పెంచే పద్ధతే క్లాహే. డైకామ్ ఫైల్ (ఆసుపత్రి స్కాన్ బొమ్మలు వచ్చే ఫార్మాట్) లాక్కొచ్చి దీని మీద వదిలేయండి, అంతే. కంట్రోల్ షిఫ్ట్ డి, కాపీ వచ్చేసింది. ఒరిజినల్‌ని ముట్టుకోవద్దు, డాక్టర్‌గారు రిపోర్టు రాసేది దాన్ని చూసే. కంట్రోల్ ఐ కొడితే వివరాలన్నీ వస్తాయి, అందులో ఇమేజర్ పిక్సెల్ స్పేసింగ్, అంటే ఒక్కో పిక్సెల్ ఎన్ని మిల్లీమీటర్లో... ఇదిగో, 0.07. అంటే 70 మైక్రాన్లు. ఈ అంకెతో పనుంది.

ఇప్పుడు 8-బిట్‌కి, అంటే నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లకి మార్చాలి. ఆగండి, ఇంకా నొక్కొద్దు!

ఫైల్ తెరిచినప్పుడు ఫిజీ డైకామ్‌లో ఉన్న విండో (తెర మీద చూపించాల్సిన విలువల రేంజ్) ప్రకారం చూపిస్తోంది. 8-బిట్ నొక్కితే తెర మీద ఏ రేంజ్ ఉందో దాన్నే 0 నుంచి 255కి మారుస్తుంది. ఆ రేంజ్ పైన ఉన్నవన్నీ 255 అయిపోతాయి. దట్టమైన కణజాలంలో ఉన్న కాల్షియం చుక్కలు చుట్టూ ఉన్న తెలుపులో కలిసిపోతాయి. పోయాక క్లాహే వాటిని వెనక్కి తేలేదు.

మరి రీసెట్ కొడితే చాలదా? చాలదు. మూలన ఆర్, ఎల్ అని సీసం గుర్తు ఉంది చూశారా, అదే అన్నిటికన్నా తెల్లగా ఉంటే రేంజంతా అటు సాగుతుంది, కణజాలానికి కొన్ని మెట్లే మిగులుతాయి. అందుకని ఇలా ఫ్రీహ్యాండ్‌తో రొమ్ము చుట్టూ గీయండి, గుర్తు బయటే ఉండాలి. ఎమ్ కొట్టండి. మిన్, మాక్స్ వచ్చాయి. కంట్రోల్ షిఫ్ట్ సి, సెట్, ఆ రెండంకెలూ వేయండి. ఇప్పుడు నొక్కండి 8-బిట్.

గీసిన సెలెక్షన్ తీసేయొద్దు. క్లాహే దాని లోపలే పనిచేస్తుంది, లేకపోతే బయటి నలుపులో కూడా గరుకు లేస్తుంది.

ప్రాసెస్, ఎన్హాన్స్ లోకల్ కాంట్రాస్ట్. బ్లాక్‌సైజ్ 127 అని ఉంటుంది, ఒక్కో పిక్సెల్ చుట్టూ ఎన్ని పిక్సెళ్ల చోటు చూసి కాంట్రాస్ట్ సర్దాలో చెప్పేది అదే. 127ని 0.07తో గుణిస్తే 9 మిల్లీమీటర్లు కూడా రాదు. 25 మిల్లీమీటర్ల గడ్డ ఉంటే బ్లాక్ మొత్తం గడ్డలోనే పడి, లోపలంతా చదునైపోతుంది. బ్లాక్ గడ్డ కన్నా పెద్దగా ఉండాలి, 401 పెట్టండి. ఉస్మానియాలో బయోమెడికల్ ప్రాజెక్టుకి మినీ మియాస్ అనే పరిశోధన మామోగ్రామ్ సెట్‌లోని బొమ్మలు తీసుకుంటే అక్కడ పిక్సెల్ 200 మైక్రాన్లు, 127 సరిపోతుంది. అవి ముందే 8-బిట్, ఇందాకటి మార్పిడి అక్కర్లేదు.

బిన్స్ (లెక్కకి తీసుకునే వెలుగు మెట్లు) 256, అలాగే ఉంచండి. స్లోప్, అంటే కాంట్రాస్ట్ ఎంతవరకు పెరగొచ్చో ఆ హద్దు, 3 ఉంది, నేనైతే 2తో మొదలుపెడతాను. 1 పెడితే ఏమీ మారదు, మరీ పెంచితే నాయిస్ కూడా చుక్కల్లా కనిపిస్తుంది. అమీర్‌పేట హాస్టల్లో పాత ల్యాప్‌టాప్ మీద చేస్తుంటే ఫాస్ట్ టిక్ ఉంచి విలువలు తేల్చుకోండి, చివరిసారి టిక్ తీసి నడపండి.

సేవ్ చేసేది టిఫ్‌లో. జేపెగ్ వద్దు. 0.2 మిల్లీమీటర్ల చుక్క ఇక్కడ మూడు పిక్సెళ్లే, జేపెగ్ 8 పిక్సెళ్ల గళ్లలో నొక్కేస్తుంది. ఫైల్ పేరులో 401, 2 అని కూడా రాసుకోండి.