తాబేళ్ల లెక్క ఫోన్‌లోనే: కోబో ఫారం నుంచి క్యూజీఐఎస్ మ్యాప్ దాకా

నమస్కారమండి. ఫీల్డ్‌లో ఫోన్‌తో డేటా తీసుకోవడం, ఇంటికొచ్చాక దాన్ని మ్యాప్ మీదికి ఎక్కించడం, ఈ రెండు పనులూ ఈ వీడియోలో చేసేద్దాం. ఉదాహరణకి మన నెల్లూరు తీరాన్నే తీసుకున్నా. మైపాడు, కోడూరు, కాస్త పైకి వెళ్తే కావలి దగ్గర తుమ్మలపెంట. ప్రకాశంలో కొత్తపట్నం వైపు నడిచేవాళ్లకీ ఇదే ఫారం పనికొస్తుంది. జనవరి వచ్చిందంటే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. మార్చి, ఏప్రిల్ దాకా వస్తూనే ఉంటాయి. అదే సీజన్‌లో చచ్చినవీ కొట్టుకొస్తాయి. రెండూ రాసుకోవాలి.

స్క్రీన్ కనిపిస్తోంది కదా. ఇది కోబోటూల్‌బాక్స్, ఫోన్‌లో నింపే ఫారాలు తయారుచేసుకునే వెబ్‌సైట్. అకౌంట్ ఫ్రీ, మన పనికి అది చాలు. న్యూ కొట్టాను, బిల్డ్ ఫ్రమ్ స్క్రాచ్, పేరు ఇచ్చాను, క్రియేట్ ప్రాజెక్ట్. ఇదంతా చూస్తే అర్థమైపోతుంది, గబగబా వెళ్లిపోతున్నా.

ప్రశ్నలు వేసుకుందాం. తేదీ. ఎవరు నడిచారు. ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచారు. మొదలైన టైము, ముగిసిన టైము. ఇవి ప్రతి ఫారంలోనూ ఉండాలి. తర్వాత అసలు ప్రశ్న, 'ఏం కనిపించింది?' సెలెక్ట్ వన్ పెట్టండి. ఆప్షన్లు ఇవిగో. గూడు. గుడ్లు పెట్టకుండా తిరిగి వెళ్లిపోయిన జాడ. చచ్చిన తాబేలు. నాలుగోది, ఇది చూడండి, 'ఏమీ లేదు'.

ఈ నాలుగో ఆప్షన్ పెట్టమంటే చాలామంది నవ్వుతారు. ఏమీ లేకపోతే ఫారం ఎందుకు నింపాలన్నా అంటారు మన పిల్లకాయలు. ఎందుకంటే, ఫిబ్రవరిలో రెండు గూళ్లు, మార్చిలో పది గూళ్లు అని రిపోర్ట్ రాశామనుకోండి. తాబేళ్లు ఎక్కువ వచ్చాయా, మనం ఎక్కువ రోజులు నడిచామా? చెప్పలేం. ఖాళీ రోజులు కూడా రాసి ఉంటేనే, ఇన్ని కిలోమీటర్లు నడిస్తే ఇన్ని గూళ్లు అని లెక్క తేలుతుంది. నన్నడిగితే గూడు ఫోటో లేకపోయినా పర్లేదు గానీ, ఖాళీ నడక రాయకపోతే మాత్రం ఊరుకోను. సరే.

ఒక నడకలో మూడు చోట్ల ఏదైనా కనిపిస్తే ఏం చేయాలి? కోబోలో రిపీట్ గ్రూప్ అని ఉంది, ఒకే ఫారంలో అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ నింపొచ్చు, బాగానే ఉంటుంది. కానీ ఎక్స్‌పోర్ట్ చేస్తే రెండు షీట్లుగా వస్తుంది, వాటిని మళ్లీ కలుపుకోవాలి. నాకు ఓపిక లేదు. ఒక్కో చోటికి ఒక్కో ఫారం, అంతే.

చచ్చిన తాబేలు అని నొక్కినప్పుడే కింద కొన్ని ప్రశ్నలు తెరుచుకోవాలి. ఇక్కడ సెట్టింగ్స్, స్కిప్ లాజిక్, ఇలా. చిప్ప పొడవు ఒకటి. దీనికి దర్జీల దగ్గర ఉండే మెత్తటి టేపు తీసుకెళ్లండి. మెడ దగ్గర చిప్ప మొదలయ్యే చోటు నుంచి వెనక చివర దాకా, వంపు మీదుగా టేపు వేసి కొలవాలి. పెద్ద రిడ్లీ అయితే సుమారు 60 నుంచి 75 సెంటీమీటర్లు వస్తుంది. అందుకని వాలిడేషన్ క్రైటీరియాలో 30 కన్నా తక్కువ, 90 కన్నా ఎక్కువ తీసుకోవద్దని పెట్టాను. 68 కొట్టబోయి 688 కొడితే అక్కడే ఆపేస్తుంది. తోక ప్రశ్న కూడా పెట్టండి. తోక చిప్ప దాటి బాగా బయటికి పొడవుగా ఉంటే మగది.

తర్వాత పెయింటు. కొలిచాక చిప్ప మీద ఒక గీత పెయింటు పూయాలి. ఫోటో పూసిన తర్వాతే తీయాలి. అలలకి అదే తాబేలు రేపు అర కిలోమీటరు అవతల తేలుతుంది, అక్కడ నడిచేవాళ్లు దాన్ని మళ్లీ లెక్కేస్తారు. గీత ఉంటే ఆల్రెడీ రాసిందని తెలుస్తుంది. 'పెయింటు గీత ముందే ఉందా' అని ఒక ప్రశ్న, అవును, కాదు.

గూడు దగ్గర మాత్రం ఫోటో, జీపీఎస్, అంతే. తవ్వకండి. ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో మొదటి షెడ్యూల్‌లో ఉన్న జీవి. గుడ్లు తీసి, వాటిని పొదిగించే హ్యాచరీకి మార్చడం అటవీ శాఖ పని. పెట్టి చాలా గంటలైన గుడ్డుని అటూ ఇటూ తిప్పితే లోపల పిండం చచ్చిపోయే ప్రమాదం కూడా ఉంది.

డిప్లాయ్ కొట్టాను. ఇప్పుడు ఫోన్. కోబోకలెక్ట్ యాప్, ఫారం డౌన్‌లోడ్, ఇదిగో వచ్చేసింది. సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. బ్యాటరీ కోసం నేను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేస్తా, జీపీఎస్ అప్పుడూ పనిచేస్తుంది. మొదటిసారి పట్టుకోవడానికి కాస్త టైం తీసుకుంటుంది, టెన్షన్ పడొద్దు. ఈ అంకె చూడండి, లొకేషన్ ఎన్ని మీటర్లు అటూ ఇటూగా ఉందో చెబుతుంది, తగ్గుతోంది. 30 మీటర్లు, 18, 11. 5 మీటర్లకి వచ్చేసరికి అదే సేవ్ చేసుకుంటుంది. తొందరపడి మధ్యలో సేవ్ పాయింట్ నొక్కితే గూడు కాస్తా సముద్రంలో పడుతుంది.

ఒక చిన్న సంగతి. మత్స్యకారులు ఏదైనా చెబితే టైప్ చేయలేం కదా, వాయిస్ టైపింగ్ వాడదామంటే ఆ గాలికి అది ఏదేదో రాసేస్తుంది. కోబోలోనే ఆడియో అని ఒక రకం ప్రశ్న ఉంది, అది పెట్టండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రికార్డ్ అవుతుంది. రాత్రి నడకకి ఎర్ర లైటు. స్క్రీన్ వెలుతురు బాగా తగ్గించండి, తెల్ల లైటు చూస్తే ఒడ్డెక్కబోయే తాబేలు వెనక్కి పోతుంది.

ఫైనలైజ్ కొట్టాను. ఇంటికెళ్లి వైఫై రాగానే రెడీ టు సెండ్‌లోకి వెళ్లి పంపేయండి. డ్రాఫ్ట్స్‌లో వదిలేసింది సర్వర్‌కి చేరదు, అది చూసుకోండి.

ఇప్పుడు డేటా, డౌన్‌లోడ్స్, సీఎస్‌వీ, ఎక్స్‌పోర్ట్. సీఎస్‌వీ అంటే పట్టికని మామూలు అక్షరాల్లో రాసిన ఫైల్. ఎక్సెల్‌లో చూసుకోవడానికైతే ఎక్స్‌ఎల్‌ఎస్ తీసుకోండి, సీఎస్‌వీని నేరుగా తెరిస్తే తెలుగు అక్షరాలు పిచ్చి గుర్తులైపోవచ్చు. మ్యాప్‌కి మనకు సీఎస్‌వీ కావాలి.

క్యూజీఐఎస్ తెరిచాను, ఇది కంప్యూటర్‌లో మ్యాపులు చేసుకునే సాఫ్ట్‌వేర్. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, అందరూ ఇరుక్కునేది ఇక్కడే. కొందరు ఫైల్‌ని అలా లాగి పడేస్తారు. టేబుల్ వస్తుంది, చుక్కలు రావు. లేయర్ మెనూలో యాడ్ డిలిమిటెడ్ టెక్స్ట్ లేయర్ అని ఉంటుంది. నేను మెనూలోకి వెళ్లను, కంట్రోల్ షిఫ్ట్ టీ. ఫైల్ ఎంచుకున్నాను. కింద చూడండి, అన్నీ ఒకే కాలమ్‌లో కుక్కేసింది. కోబో సీఎస్‌వీలో కాలమ్‌ల మధ్య కామా ఉండదు, సెమికోలన్ ఉంటుంది. కస్టమ్ డిలిమిటర్స్, సెమికోలన్. ఇప్పుడు విడిపోయాయి.

ఇక ఎక్స్ ఫీల్డ్, వై ఫీల్డ్. ఎక్స్‌లో లాంగిట్యూడ్, అంటే రేఖాంశం. వైలో లాటిట్యూడ్, అంటే అక్షాంశం. మళ్లీ చెబుతున్నా, ఎక్స్ లాంగిట్యూడ్, వై లాటిట్యూడ్. చాలాసార్లు క్యూజీఐఎస్ తనంతట తనే సరిగ్గా పట్టుకుంటుంది. కానీ కాలమ్ పేర్లు మీరు మార్చి ఉంటే పట్టుకోలేదు. అప్పుడు మన చేయి అలవాటుగా లాటిట్యూడ్‌ని ముందు పెట్టేస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో అదే ముందు ఉంటుంది కదా, ఆ అలవాటు.

తిరగేస్తే ఏమవుతుందో కావాలనే చేసి చూపిస్తా. యాడ్ కొట్టాను. చుక్కలేవీ? నెల్లూరులో లేవు. లేయర్ మీద రైట్ క్లిక్, జూమ్ టు లేయర్. ఎక్కడికెళ్లిందో చూడండి. నార్వేకి పైన, స్వాల్‌బార్డ్ దగ్గర. ధ్రువపు ఎలుగుబంట్లు తిరిగే చోట మన మైపాడు తాబేలు గుడ్లు పెట్టింది! మైపాడు 14.5 ఉత్తరం, 80.2 తూర్పు దగ్గర ఉంటుంది. తిరగేస్తే 80 ఉత్తరం, 14 తూర్పు. అంకెలు రెండూ చెల్లేవే కాబట్టి ఎర్రర్ రాదు. అందుకే ఇది పట్టుకోవడం కష్టం. మన జిల్లాకి గుర్తు ఒకటే, 80 ఎక్స్‌లో, 14 వైలో. నెల్లూరు టౌన్‌లో 79.98 వస్తుంది, కంగారు పడకండి, బీచ్‌కి వచ్చేసరికి 80 దాటుతుంది.

ఇంకోటి, కింద సీఆర్‌ఎస్ అని ఉంటుంది, ఈ అంకెల్ని ఏ పద్ధతిలో చదవాలో చెప్పే సెట్టింగ్ అది. అందులో ఈపీఎస్‌జీ 4326 ఉండాలి. 3857 పెట్టారంటే చుక్కలన్నీ ఆఫ్రికా పడమటి వైపు సముద్రంలో, సున్నా సున్నా దగ్గర కుప్పగా పడతాయి. అంటే ఆర్కిటిక్‌లో కనిపిస్తే ఎక్స్, వై తిరగబడ్డాయి. ఆఫ్రికా దగ్గర కనిపిస్తే సీఆర్‌ఎస్ తప్పు. రెంటికీ మందు ఒకటే, లేయర్ తీసేసి మళ్లీ యాడ్ చేయడం. సరిచేశాను. వెనక మ్యాప్ కనిపించడానికి బ్రౌజర్ ప్యానెల్‌లో ఎక్స్‌వైజెడ్ టైల్స్, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, డబుల్ క్లిక్. ఇదిగో మైపాడు, ఒడ్డు వెంబడి చుక్కలు. దూరాలు కొలవాలంటే లేయర్‌ని 32644లోకి ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, అది మీటర్లలో కొలిచే యూటీఎం 44 ఉత్తరం, మన రెండు జిల్లాలూ అందులోకే వస్తాయి.

మ్యాప్ గ్రూపులో పెట్టే ముందు లేయర్ సింబాలజీలో కేటగరైజ్డ్ ఎంచుకుని, 'ఏం కనిపించింది' కాలమ్‌తో చుక్కల్ని రకాలుగా విడగొట్టి, గూళ్ల టిక్ తీసేయండి. గూడు ఎక్కడుందో అందరికీ చెప్పక్కర్లేదు, గుడ్లు తవ్వేవాళ్లు మనుషుల్లోనూ ఉన్నారు. చచ్చినవి, ఖాళీ నడకలు ఉంచండి, చాలు. అటవీ శాఖకి ఇచ్చే ఫైల్‌లో మాత్రం అన్నీ ఉండాలి. రైట్ క్లిక్, ఎక్స్‌పోర్ట్, సేవ్ ఫీచర్స్ యాజ్, జియోప్యాకేజ్ అనే మ్యాప్ ఫైల్ రకం. ఫైల్ పేరులో ఊరు, నెల, సంవత్సరం రాయండి, 'ఫైనల్ న్యూ 2' అని రాయకండి దయచేసి. ప్రాజెక్ట్‌కి కంట్రోల్ ఎస్. ఆ సీఎస్‌వీ కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో కూడా వేసుకోండి.