విజయవాడలో ఖర్చులు పెరిగాయా? ఎవరింట్లో?

హాయ్ అండీ! డాలస్ నుంచి మన విజయవాడకు వచ్చేశాను. ఇవాళ అమ్మతో కలిసి పటమట రైతు బజారులో ఉన్నాను. ఎవరిని కదిపినా "కరోనా తర్వాత ఖర్చులు పెరిగిపోయాయమ్మా" అనే మాటే. మాట ఒకటే గానీ ఇంటింటికీ లెక్క వేరండీ.

మా ఇల్లే చూడండి. నాన్నగారిది పెన్షన్. 2020 మార్చిలో సగం ఆపినా ఆ బకాయి తర్వాత చేతికొచ్చింది. పెళ్లిళ్లు లేవు, ప్రయాణాలు లేవు, బీసెంట్ రోడ్డు షాపింగ్ అసలే లేదు. మిగిలిన డబ్బు హెల్త్ ఇన్సూరెన్స్‌కీ, బీపీ మిషన్‌కీ, వైఫైకీ పోయింది. అంతకుముందు ఇన్సూరెన్స్ మాటెత్తితే "అశుభం మాటలెందుకే" అని కసిరిన మనిషి, ఇప్పుడు ప్రీమియం తేదీ ఆయనే గుర్తు చేస్తున్నారు!

మా ఇంట్లో పనిచేసే అక్క వాళ్ల సంగతి ఇలా కాదు. వాళ్లాయన ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగ్ చేస్తాడు. లాక్‌డౌన్‌లో షెడ్డు మూతపడింది, కూలి ఆగింది. ఆ ఏప్రిల్ నుంచి కేంద్రం మనిషికి నెలకు 5 కిలోల బియ్యం అదనంగా ఉచితంగా ఇచ్చింది కాబట్టి అన్నానికి లోటు రాలేదట. "బియ్యం ఇచ్చారు సరేనమ్మా, నూనె ఎవరిస్తారు?" అంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక సన్‌ఫ్లవర్ నూనె ఎంత మండిందో మీకూ గుర్తుండే ఉంటుంది. పిల్లాడి ఆన్‌లైన్ క్లాసులకు కిస్తీల మీద ఫోను, ఇంటద్దె కోసం గొలుసు తాకట్టు. పనులు మళ్లీ మొదలయ్యాక కూడా కూలి రాగానే ముందు వడ్డీ డబ్బు పక్కన పెట్టి, తర్వాతే కూరగాయలు కొనేవాళ్లు.

ఇక్కడో తమాషా ఉందండీ. 2022-23 గృహ వినియోగ సర్వే ప్రకారం దేశంలో పట్టణ కుటుంబాల ఖర్చులో తిండి వాటా 39 శాతం. 2011-12లో దాదాపు 43. తిండి వాటా తగ్గితే ఇల్లు బాగుపడినట్టేనని చదువుకున్నాం. మా ఇంటికి అది సరిపోతుంది. అక్క వాళ్లేమో వడ్డీ కట్టడానికి ఆదివారం మటన్ మానేశారు, అక్కడా తిండి ఖర్చు తగ్గినట్టే కనిపిస్తుంది! ఎందుకు మానేశారో ఆ అంకెలో దొరకదు, ఎందుకంటే అప్పు తీర్చే డబ్బు వినియోగం కింద లెక్కకే రాదు.

సరే, బెండకాయలు లేతవి దొరికాయి, అమ్మ పిలుస్తోంది. రేపు ఆటోనగర్ వెళ్దాం. షెడ్లలో కూలి 2019 మీద ఎంత పెరిగిందో వాళ్లనే అడుగుదాం.