స్టీరింగ్ పట్టిన చేతుల సాక్ష్యం

సభకు నమస్కారం. పాత రేసు ఫిల్మునూ, కారు నడపడాన్ని కంప్యూటర్ లెక్కలతో అనుకరించే సిమ్యులేటర్ ఆటనూ పక్కపక్కన పెట్టి, వాటిలో ఏది నమ్మదగినదో చూడడం ఈ రోజు నా అంశం.

నరసాపురం రేవు నుంచి సఖినేటిపల్లికి పంటు మీద దాటనివారు ఈ సభలో ఉండరనుకుంటాను. వశిష్ఠలో ఆటు బలంగా ఉన్నప్పుడు సరంగు పంటు ముక్కును అవతలి రేవుకు సూటిగా పెట్టడు. ప్రవాహానికి కొంత ఎదురుగా తిప్పి ఉంచుతాడు, పంటు మాత్రం ఏటవాలుగా జరుగుతూ చేరవలసిన చోటికే చేరుతుంది. ముక్కు చూసే దిక్కు ఒకటి, పంటు పోయే దిక్కు మరొకటి. 1967 నాటి గ్రాండ్ ప్రీ కారు, అంటే ఫార్ములా వన్ రేసు కారు, మలుపు తిరిగే తీరు చూపుకు అచ్చం ఇలాగే ఉంటుంది. కారణం మాత్రం వేరు: అక్కడ నీటి ప్రవాహం, ఇక్కడ భారం మీద పడి మెలితిరిగే టైరు రబ్బరు. ఆనాటి క్రాస్‌ప్లై టైర్లు (లోపలి దారాల పొరలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటేవి) ఇప్పటి రేడియల్ టైర్ల (దారాలు అడ్డంగా నేరుగా పోయేవి) కన్నా ఎక్కువ కోణంలో జారుతూ కూడా పట్టు నిలుపుకునేవి, పట్టు వదిలేటప్పుడు సైతం మెల్లగా వదిలేవి. కారును నేలకు అదిమిపట్టే రెక్కలు గ్రాండ్ ప్రీ కార్లకు 1968లో గాని రాలేదు. కాబట్టి 1967లో కారును రోడ్డు మీద నిలిపింది నాలుగు టైర్లు, ఒక మనిషి నేర్పు.

ఆ సంవత్సరాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. అప్పటి రేసుల ఫిల్ములు మనకు మిగిలాయి. అదే సీజన్‌ను కంప్యూటర్‌లో తిరిగి కట్టిన సిమ్యులేటర్ ‘గ్రాండ్ ప్రీ లెజెండ్స్’ 1998లో పపైరస్ సంస్థ నుంచి వచ్చింది. 2014లో వచ్చిన ‘అసెట్టో కోర్సా’ అనే మరో సిమ్యులేటర్‌లో ఆనాటి లోటస్ 49 రేసు కారు ఉంది. ఒకే కారును ఫిల్ములోనూ గణితంలోనూ పక్కపక్కన పెట్టి చూడగల అవకాశం, ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం బోధించిన నాకు, ప్రయోగశాలలో కూడా అరుదుగా దొరికింది.

రెండింటినీ పక్కన పెట్టగానే చాలామంది అనే మొదటి మాట, ఫిల్ములో కారు నెమ్మదిగా ఉంది, సిమ్యులేటర్‌లో వేగంగా ఉంది అని. ఇందులో కారు తప్పేమీ లేదు, కటకానిదే తప్పు. ట్రాక్‌కు దూరంగా నిలబడిన కెమెరామన్ పొడవు లెన్సు వాడితే ముందువెనుకల దూరాలన్నీ నలిగి దగ్గరైపోతాయి, ఎదురుగా వస్తున్న కారు ఎంతసేపటికీ చేరువ కానట్టు కనిపిస్తుంది. సిమ్యులేటర్ దోషం దీనికి తలకిందులు. 60 సెంటీమీటర్ల వెడల్పున్న తెరను 60 సెంటీమీటర్ల దూరం నుంచి చూసే కంటికి ఆ తెర ఆక్రమించే కోణం 53 డిగ్రీలే. ఆటలో దృశ్యకోణాన్ని 80 డిగ్రీలకో 90 డిగ్రీలకో పెంచితే అంచుల్లోని చెట్లు ఉరుకుతాయి, ముందున్న మలుపు ఉన్నదానికన్నా దూరంగా జరిగిపోతుంది. అందుచేత వేగం గురించి కంటి మాట నమ్మవద్దని నా మనవి. ధ్వనిని కూడా నమ్మవద్దు. పాత ఫిల్ములలో ఇంజిన్ చప్పుడును తరువాత అతికించడం మామూలే.

మరి నమ్మదగినది ఏమిటి? స్టీరింగ్ పట్టిన చేతులు, ముందు చక్రాల కోణం, బ్రేకు వేసినప్పుడు ముక్కు ఎంత కిందికి వంగిందన్న సంగతి. ఆ కార్ల చక్రాలు బయటికే ఉంటాయి, డ్రైవర్ భుజాల దాకా బయటికే కనిపిస్తాడు, కాబట్టి లెన్సు ఏదైనా ఈ మూడింటినీ చదవవచ్చు. కూపర్ కారు నడిపిన ఆనాటి డ్రైవర్ యోకెన్ రింట్‌ను చూస్తే కారు వెనుకభాగం పక్కకు పోవడం, చేతులు ఎదురు తిప్పడం స్పష్టంగా తెలుస్తుంది. లోటస్ నడిపిన జిమ్ క్లార్క్ చేతులు దాదాపు కదలనట్టే ఉంటాయి. సిమ్యులేటర్‌లో అదే లోటస్ నడిపే నేటి యువకుడి చేతులు చూడండి, కవ్వం తిప్పినట్టు అటూ ఇటూ ఆడుతూనే ఉంటాయి. ఇది చూసి, సిమ్యులేటర్ వేసే టైరు లెక్క తప్పు, సిమ్యులేటర్ అనవసరంగా కష్టంగా ఉంది అని తీర్పు చెప్పేవారున్నారు. ఆ తీర్పును నేను ఒప్పుకోను. కారు వెనుక చక్రాలు జారడం మొదలైన క్షణాన అసలు డ్రైవర్‌కు ఆ కబురు కంటికన్నా ముందు నడుముకు, వీపుకు అందుతుంది. గట్టు మీద బురదలో సైకిల్ తొక్కినవారికి ఇది తెలుసు, చక్రం జారినట్టు మనం చూడం, ముందు ఒంటికి తెలుస్తుంది. కుర్చీలో కదలకుండా కూర్చున్నవాడికి ఆ కబురు రాదు. తెరలో దృశ్యం పక్కకు తిరిగాక, ఆట స్టీరింగ్‌కు అమర్చిన మోటారు చేతిని లాగాక గాని తెలియదు. కబురు ఆలస్యం కావడం వల్ల దిద్దుబాటు ఆలస్యమవుతుంది, ఆలస్యమైనందువల్ల పెద్దదవుతుంది, పెద్దదైనందువల్ల మళ్లీ దిద్దవలసి వస్తుంది. లెక్క సరిగా ఉన్నా చేతులు ఆడటానికి ఇంత కారణం చాలు.

ల్యాప్ కాలాల, అంటే సర్క్యూట్‌ను ఒకసారి చుట్టి రావడానికి పట్టే కాలాల సంగతి కూడా చెప్పాలి. 1957లో అర్జెంటీనా డ్రైవర్ ఫాంజియో మాసరాటి 250ఎఫ్ కారుతో జర్మనీలోని నుర్బుర్గ్‌రింగ్ సర్క్యూట్ మీద 9 నిమిషాల 17.4 సెకన్లలో తిరిగాడు. పదేళ్ల తరువాత అదే చోట క్లార్క్ 8 నిమిషాల 4.1 సెకన్లు సాధించాడు. సిమ్యులేటర్‌లో 8 నిమిషాల లోపు తిరిగేవారున్నారు. వారి నేర్పును నేను తక్కువ చేయను, కాని గోడకు తగిలితే ఒక మీట నొక్కి మొదటి నుంచి మొదలుపెట్టగలిగినవాడు వందసార్లు హద్దు దాటి చూసి ఆ హద్దు ఎక్కడుందో తెలుసుకుంటాడు. బెల్జియంలోని ఆనాటి స్పా సర్క్యూట్ 14 కిలోమీటర్ల మామూలు రోడ్డు, దాని పక్కన ఇళ్ల గోడలు, కరెంటు స్తంభాలు ఉండేవి. మన కాలువ రోడ్డు మీద కొబ్బరిచెట్ల మధ్య గంటకు 250 కిలోమీటర్ల వేగంతో పోవడం ఊహించుకోండి. 1967లో మొనాకో రేసులో లొరెంజో బండీని అనే డ్రైవర్ కారు మంటల్లో చిక్కుకుని మరణించాడు. 1968 ఏప్రిల్ 7న జర్మనీలోని హాకెన్‌హైమ్ రేసులో క్లార్క్ మరణించాడు. ఫిల్ములో ఆ చేతులు హద్దుకు కొంచెం ఇవతలే ఆగడం మనం చూస్తున్నామంటే, అది ప్రాణం మీది జాగ్రత్త, దాన్ని టైరు గుణంగా లెక్కలో చేర్చకూడదు.

ఇప్పుడు దీపాలు ఆర్పమని కోరుతున్నాను. ఎడమవైపు తెర మీద 1967 జూన్ 4న నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో లోటస్ 49 మొదటిసారి రేసులో దిగి గెలిచిన రోజు ఫిల్ము వస్తుంది, కుడివైపు అదే కారు సిమ్యులేటర్‌లో. రెండు వైపులా ధ్వని తీసివేశాను. మొదటిసారి కారును చూడకండి, చేతులను మాత్రమే చూడండి. రెండోసారి వేసినప్పుడు ముందు చక్రాలు చూద్దాం.