పొద్దుటి టిఫిను, మొదటి పీరియడు

దృశ్యం: చెన్నై, వ్యాసర్‌పాడి. ఇంకా తెల్లవారలేదు. చీపుర్లతో పనికి బయలుదేరుతున్న స్త్రీలు.

వ్యాఖ్యానం: చెన్నై వీధులు ఊడ్చేవారిలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో. తల్లి చీకటితోనే డ్యూటీకి వెళ్తుంది. రాత్రి అన్నం మిగిలితే పిల్ల తింటుంది, లేకపోతే ఖాళీ కడుపుతోనే బడికి వస్తుంది. మధ్యాహ్న భోజనం ఉంది కదా అంటారు. ఉంది. కానీ అప్పటిదాకా ఆగాలి. ఎక్కాలు చెబుతున్నంత సేపూ పిల్ల చెవి టీచరు మాట మీద కాదు, అన్నం గంట మీద ఉంటుంది. పైగా ఇంట్లో తెలుగు, బడిలో తమిళం! ఆ పిల్లను ఎవరైనా మొద్దు అంటే నాకు కడుపు మండుతుంది.

దృశ్యం: టీ నగర్ పట్టుచీరల దుకాణాలు.

వ్యాఖ్యానం: పెళ్ళి చీరలకు మనమంతా వెళ్ళే టీ నగర్‌లో 'టీ' అంటే త్యాగరాయ. పిట్టి త్యాగరాయ శెట్టి 1852లో తెలుగు చేనేత కుటుంబంలో పుట్టారు. ఆయన మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉండగా, 1920లో నగరంలోని థౌజండ్ లైట్స్ ప్రాంతపు బడి పిల్లలకు టిఫిను పెట్టాలని తీర్మానించారు. ఖర్చు పిల్లాడికి రోజుకు అణా మించకూడదు. అక్కడి పిల్లలు నిరుపేదలని, అందుకే బడిలో సంఖ్య పెరగడం లేదని ఆయన వాదన. గమనించండి, అది టిఫిను!

తర్వాత ముఖ్యమంత్రులుగా 1956లో కామరాజ్, 1982లో ఎమ్జీఆర్ మధ్యాహ్న భోజనాన్ని విస్తరించారు. పొద్దుటి పూట మాత్రం ఖాళీగానే ఉండిపోయింది.

దృశ్యం: బడి వరండా. ఆవిర్లు కక్కుతున్న పొంగలి, సాంబారు.

వ్యాఖ్యానం: 2022 సెప్టెంబరు 15న మదురైలో ముఖ్యమంత్రి స్టాలిన్ అల్పాహార పథకం ప్రారంభించారు. మొదట 1,545 బడులు, ఒకటి నుంచి ఐదు తరగతుల వరకు. 2023 ఆగస్టులో రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ వచ్చింది. ఉప్మా, కిచిడీ, పొంగలి... చాలాచోట్ల వండేది స్వయం సహాయక సంఘాల మహిళలే.

ఒక చిక్కు మిగిలింది. టిఫిను పాఠాలకు ముందే పెడతారు. పిల్ల ముందుగా బడి చేరాలి. తల్లి పనిలో ఉంటే, ఐదేళ్ళ పిల్లను రోడ్డు దాటించేది ఎవరు? మీ వీధిలో అలాంటి ఇల్లు ఉందా? మీ పిల్లలు వెళ్ళేది కూడా ఆ బడికే అయితే, రేపు పొద్దున్న ఆ తలుపు కూడా తట్టండి.