ప్రమాద స్థలంలో యూనిఫాం వేసుకున్నవారి చేతిలోని ఫోను

నమస్కారం. ప్రమాదం జరిగిన చోటికి అయినవారికంటే ముందు చేరుకునేవారు కొందరుంటారు. పోలీసులు, అంబులెన్సు సిబ్బంది, హైవే పెట్రోలింగ్ వాహనంలో వచ్చేవారు, అగ్నిమాపక దళం. స్పృహ తప్పిన మనిషి, కొన్నిసార్లు ప్రాణమే పోయిన మనిషి, ఆ కాసేపు పూర్తిగా వారి చేతుల్లో ఉంటాడు. అప్పుడు వారిలో ఎవరైనా తప్పుగా ప్రవర్తిస్తే అడిగేవారెవరు, చట్టం ఎంతవరకు తోడొస్తుంది అన్నదే ఈనాటి విషయం. వినడానికి కష్టంగానే ఉంటుంది. అయినా తిరుపతి, చిత్తూరు జిల్లాల రోడ్ల మీద ప్రయాణించే ప్రతి కుటుంబానికీ సంబంధించినది కాబట్టి చివరి వరకు వినమని కోరుతున్నాను.

మన ప్రాంతం సంగతి కొంచెం వేరు. ఇక్కడ ప్రమాదాలకు గురయ్యేవారిలో చాలామంది ఈ ఊరివారు కారు. శ్రీవారి దర్శనానికి, కాణిపాకానికి, శ్రీకాళహస్తికి దూరప్రాంతాల నుంచి వచ్చినవారు. పూతలపట్టు–నాయుడుపేట రహదారి మీదనో, చెన్నై–బెంగళూరు రహదారిలో మొగిలి ఘాట్ దగ్గరనో, భాకరాపేట కనుమలోనో వాహనం బోల్తాపడితే, ఆ మనిషి ఫలానావాడని గుర్తుపట్టేవారు చుట్టుపక్కల ఒక్కరూ ఉండరు. కుటుంబం అనంతపురంలోనో, సేలంలోనో, కోలారులోనో ఉంటుంది, కబురు అందుకుని వచ్చేసరికి కొన్ని గంటలు పడుతుంది. ఆ గంటల్లో ఏం జరిగిందో వారికి చెప్పగలిగేది యూనిఫాం వేసుకున్నవారే. ఆ యూనిఫాం మీద నమ్మకం నిలవాలన్న తపనతోనే ఈ మాటలు చెబుతున్నాను.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవ మన రాష్ట్రంలో ఎన్ని ఇళ్లలో దీపం ఆరిపోకుండా కాపాడిందో మనందరికీ తెలుసు. 2022 మార్చిలో నిశ్చితార్థానికని ధర్మవరం నుంచి బయల్దేరిన బస్సు భాకరాపేట ఘాట్‌లో లోయలో పడినప్పుడు, రాత్రివేళ ఆ లోయలోకి దిగి క్షతగాత్రులను పైకి చేర్చింది పోలీసులు, సహాయ సిబ్బందే. గాయపడినవారి నగలను, నగదును భద్రపరచి బంధువులకు అప్పగించిన 108 ఈఎంటీల గురించి, అంటే అంబులెన్సులో అత్యవసర చికిత్స చేసేవారి గురించి, దాన్ని నడిపే పైలట్ల గురించి పత్రికల్లో తరచూ చదువుతూనే ఉంటాం. వారి పరువు కాపాడాలంటే, వారి మధ్య నిలబడి వేరే పని చేసేవారిని విడిగా చూపించక తప్పదు.

అన్నింటికంటే ఎక్కువగా జరుగుతున్నదీ, అందరూ మామూలే అనుకుంటున్నదీ ఫోటోల వ్యవహారం. ఒక ప్రమాదం జరిగిన అరగంటలోపే మృతదేహాల ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేస్తాయి. వాటిలో కొన్ని దారిన పోయేవారు తీసినవి. కానీ కొన్నింటిని చూడగానే అర్థమవుతుంది. జనాన్ని దూరంగా ఆపేసిన తరువాత, లోపలికి వెళ్లే అధికారం ఉన్నవారు మాత్రమే నిలబడగల చోటి నుంచి తీసినవి అవి. అంబులెన్సు లోపల స్ట్రెచర్ మీద, మార్చురీ బల్ల మీద తీసినవి కూడా ఉంటాయి. అక్కడి నుంచి ఎవరో స్థానిక విలేకరికి, ఆయన నుంచి పది గ్రూపులకు. పోలీసులు ఫోన్ చేయకముందే, భర్త చనిపోయాడన్న సంగతి భార్యకు పక్కింటివారి ఫోనులోని ఫోటో ద్వారా తెలిస్తే, ఆ దృశ్యం ఆమె జీవితాంతం కళ్ల ముందు నుంచి పోదు. ఆ తప్పుకు ఏ పరిహారం సరిపోతుంది?

ఫోటోలు అసలు తీయకూడదని నేను అనడం లేదు. ప్రమాద స్థలం ఫోటోలు దర్యాప్తుకు అవసరం, రేపు మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లో ఆ కుటుంబం వేసుకునే క్లెయిముకు కూడా అవసరం. ఐరాడ్ అనే కేంద్ర ప్రభుత్వ యాప్‌లో పోలీసులు ప్రమాద వివరాలతో పాటు ఫోటోలు కూడా నమోదు చేస్తారు. నేర దర్యాప్తు, విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ అయితే, సోదాలను, వస్తువుల స్వాధీనాన్ని ఆడియో, వీడియోల్లో రికార్డు చేయాలని, వీలైతే మొబైల్ ఫోనుతోనే చేయాలని చెబుతోంది. కాబట్టి కానిస్టేబుల్ చేతిలో ఫోను ఉండటం తప్పు కాదు. ఆ ఫోటో అధికారిక యాప్‌లోకి వెళ్లిందా, లేక సొంత గ్యాలరీలో మిగిలిపోయి, డ్యూటీ దిగిన తరువాత స్నేహితులకు చూపించే వస్తువైందా అన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు అమెరికాలో ఒక న్యాయస్థానం గట్టిగా సమాధానం చెప్పింది. 2020 జనవరి 26న లాస్ ఏంజెలెస్ సమీపంలోని కాలబసాస్ కొండల్లో హెలికాప్టర్ కూలి, బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు కోబీ బ్రయంట్, ఆయన 13 ఏళ్ల కుమార్తె సహా తొమ్మిది మంది మరణించారు. సహాయానికి వెళ్లిన షెరీఫ్ విభాగం (అక్కడి స్థానిక పోలీసులు), అగ్నిమాపక విభాగం సిబ్బందిలో కొందరు మృతదేహాల ఫోటోలను తమ ఫోన్లలో తీసి ఒకరికొకరు పంపుకున్నారు. వారిలో ఒకరు ఆ ఫోటోలను ఒక బారులో చూపించగా, అది తెలిసిన ఒక సామాన్య పౌరుడు ఫిర్యాదు చేయడంతో విషయం బయటపడింది. ఫోటోలు చెరిపేస్తే క్రమశిక్షణ చర్య ఉండదని షెరీఫ్ తన సిబ్బందికి చెప్పిన సంగతి కూడా వెలుగులోకి వచ్చింది. ఆ ఫోటోలు ఇంటర్నెట్‌లోకి రానేలేదు కాబట్టి నష్టం జరగలేదని కౌంటీ, అంటే ఆ రెండు విభాగాలను నడిపే స్థానిక ప్రభుత్వం వాదించింది. ఆ వాదనను జ్యూరీ, అంటే తీర్పు చెప్పే సామాన్య పౌరుల బృందం ఒప్పుకోలేదు. 2022 ఆగస్టులో బాధిత కుటుంబాలకు మొత్తం 3.1 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పు ఇచ్చింది. ఆ సంఘటన తరువాత కాలిఫోర్నియా రాష్ట్రం ప్రత్యేకంగా ఒక చట్టం చేసి, అధికారిక అవసరం లేకుండా ప్రమాద స్థలంలో మృతుల ఫోటోలు తీసిన సహాయ సిబ్బందిని శిక్షించే వీలు కల్పించింది.

అక్కడ బయటికి రాని ఫోటోలకు అంత విచారణ జరిగింది. ఇక్కడ ఊరంతా చూసిన ఫోటో గురించి కూడా అది మొదట ఎవరి ఫోను నుంచి బయల్దేరిందని ఎవరూ అడగరు. మన చట్టాల్లో దీనికి దగ్గరగా ఉన్నది, నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్. ఇతరుల మనసు గాయపరిచే ఉద్దేశంతో గానీ, గాయపడుతుందని తెలిసి గానీ మృతదేహానికి అవమానం కలిగిస్తే ఏడాది వరకు జైలు అని అది చెబుతుంది. కానీ ఫోటో తీసి పంచుకోవడం గురించి అందులో ఒక్క మాట లేదు. రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన గౌరవం మరణంతో ముగిసిపోదని సుప్రీంకోర్టు చెప్పిన మాట ఉంది. ఆ మాటను ప్రమాద స్థలం దాకా తీసుకొచ్చే స్పష్టమైన నిబంధనే మనకు కావలసింది.

ఇక వస్తువుల సంగతి. తిరుమలకు వచ్చే కుటుంబం దగ్గర ఏముంటుందో తెలుగువారికి చెప్పనక్కరలేదు. ఒంటి మీద తాళిబొట్టు, కమ్మలు, దారి ఖర్చులకు నగదు, పసుపు గుడ్డలో కట్టిన ముడుపు. ఏళ్ల తరబడి రూపాయి రూపాయి వేసిన ఆ ముడుపు, ప్రమాదం తరువాత బంధువులకు అందిన సంచిలో లేకపోతే, వారు ఎవరినీ నిందించలేరు. రోడ్డు మీద పడిపోయిందో, జనంలో ఎవరు తీశారో, యూనిఫాంలో ఉన్నవారే తీశారో తేల్చే కాగితం ఉండదు. చనిపోయిన మనిషి దగ్గరున్న సొత్తును దురుద్దేశంతో కాజేస్తే మూడేళ్ల వరకు జైలు, జరిమానా అని న్యాయ సంహిత 315వ సెక్షన్ చెబుతోంది. అయితే ఏం ఉండేదో రాసి లేనప్పుడు ఏం పోయిందో రుజువు చేయడం ఎవరి తరం? శవ పంచనామాలో ఒంటి మీది వస్తువులు రాస్తారు నిజమే. అది జరిగేది చాలాసార్లు ఆసుపత్రికి చేరిన తరువాత, కొన్నిసార్లు మరునాడు. వాహనంలోకి ఎక్కించే ముందే, అక్కడున్న ఇద్దరి ఎదుట వస్తువులను వీడియో తీసి, వాటిని ఎవరు తీసుకెళ్తున్నారో రాసి సంతకం చేస్తే ఐదు నిమిషాలకు మించి పట్టదు. ప్రాణంతో ఉన్నవారి విషయంలో ఆ ఐదు నిమిషాలు కూడా ఆగకూడదు. అప్పుడు ఆ పని ఆసుపత్రి గుమ్మం దగ్గర జరగాలి. నిజాయితీగా పనిచేసే ఈఎంటీకి ఆ కాగితమే అన్నింటికంటే పెద్ద రక్షణ.

మూడవది, క్షతగాత్రుణ్ణి ఎక్కడికి తీసుకెళ్లాలన్న నిర్ణయం. దగ్గర్లో ప్రభుత్వాసుపత్రి ఉన్నా, కమీషన్ కోసం ఫలానా ప్రైవేటు ఆసుపత్రికే తిప్పే వాహనాల గురించి ఫిర్యాదులు కొత్తవి కావు. తలకు దెబ్బ తగిలిన మనిషికి మొదటి గంట ఎంత విలువైనదో మోటారు వాహనాల చట్టమే గోల్డెన్ అవర్ అని గుర్తించింది. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం ప్రకారం, రోడ్డు ప్రమాద బాధితులకు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా చికిత్స అందాలి. పథకం జాబితాలో లేని ఆసుపత్రిలో చేర్పిస్తే, పరిస్థితి నిలకడగా మారేవరకు చేసే చికిత్సకే అది వర్తిస్తుంది. అంటే డ్రైవరు తిప్పిన ఆ ఒక్క మలుపు కుటుంబాన్ని అప్పుల్లోకి తోసేయగలదు.

ఈ వ్యాపారం ఎంత దూరం వెళ్లగలదో తిరుపతివాసులకు 2022 ఏప్రిల్‌లోనే తెలిసింది. రుయా ఆసుపత్రిలో అనారోగ్యంతో చనిపోయిన బాలుడి దేహాన్ని చిట్వేలు దగ్గరి స్వగ్రామానికి తీసుకెళ్లడానికి ప్రైవేటు అంబులెన్సు డ్రైవర్లు ఇవ్వలేనంత సొమ్ము అడిగారు, బయటి నుంచి వచ్చిన వాహనాన్ని అడ్డుకున్నారు. చివరికి ఆ తండ్రి కొడుకు దేహాన్ని మోటారు సైకిల్ మీద సుమారు 90 కిలోమీటర్లు తీసుకెళ్లాడు. అది రోడ్డు ప్రమాదం కేసు కాదని నాకు తెలుసు. అయినా ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, ఆసుపత్రి గేటు దగ్గర రాజ్యమేలే ముఠాను ముందే అడిగేవారు ఉంటే ఆ రాత్రి అలా జరిగేది కాదు. డ్రైవర్ల అరెస్టు, అధికారి సస్పెన్షన్ అన్నీ దేశమంతా చూసిన తరువాతే జరిగాయి.

కాబట్టి చూసినవారు మాట్లాడాలి. క్షతగాత్రులకు సాయపడినవారిని వేధించకూడదని 2016 మార్చి 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, తరువాత మోటారు వాహనాల చట్టంలో చేరిన 134ఎ సెక్షన్ మీకు అండగా ఉన్నాయి. పేరు, చిరునామా చెప్పమని మిమ్మల్ని బలవంతపెట్టడానికి వీల్లేదు. సాయం చేస్తూ అక్కడే నిలబడండి. అంబులెన్సు నంబరు, అది వెళ్లిన సమయం, ఏ ఆసుపత్రి పేరు చెప్పారో రాసుకోండి. మీరు కూడా మృతుల ఫోటోలు తీయవద్దు, పంపవద్దు.

కుటుంబంలో ఎవరికైనా ఇలాంటిది జరిగివుంటే, స్టేషన్‌లో పంచనామా ప్రతిని, వస్తువుల జాబితాను రాతపూర్వకంగా అడగండి. ఫోటో గ్రూపుల్లో తిరిగితే దాన్ని ఎవరికీ పంపకుండా, పంపినవారి నంబరు, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. ప్రతి సోమవారం కలెక్టరేట్‌లోనూ, ఎస్పీ కార్యాలయంలోనూ ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. అక్కడ ఇచ్చే అర్జీలో రెండు విషయాలు అడగండి. మొదటిది, ఆ ఫోటో ఎవరి ఫోను నుంచి మొదట బయటికి వెళ్లిందో విచారించాలని. రెండవది, ప్రమాద స్థలంలో సొంత ఫోన్ల వాడకం మీద, వస్తువుల నమోదు మీద రాతపూర్వక ఆదేశం ఇవ్వాలని. అర్జీ ఇచ్చిన తరువాత నమోదు నంబరున్న రసీదు తీసుకునే బయటికి రండి.