పూసలున్న బాబిన్, పూసలు లేని బాబిన్

అందరికీ నమస్కారం.

లేసు అనగానే మనకు నరసాపురం గుర్తొస్తుంది. అక్కడి ఆడవాళ్లు క్రోషా సూదితో ఒక్క దారాన్నే లాగుతూ అల్లుతారు. ఈరోజు నేను చెప్పే ఇంగ్లండ్ లేసుకు ఆ సూదితో పనిలేదు. దారాలు పదుల్లో ఉంటాయి, ఒక్కో దారం చివర ఒక్కో సన్నటి బాబిన్, అంటే దారం చుట్టే పుల్ల. గట్టిగా కూరిన దిండు మీద నమూనా అట్ట పరిచి, గుండుసూదులు గుచ్చుతూ వాటి చుట్టూ దారాలు పెనవేస్తారు.

చూస్తే కళ్లు తిరుగుతాయి గానీ కదలికలు రెండే. రెండు జతలు తీసుకుని మధ్య దారాలను ఒకదాని మీదుగా ఒకటి దాటించడం, ఏ జతకాజతను మెలిపెట్టడం. ఎంత పెద్ద పువ్వయినా వీటితోనే.

నా చేతిలోని ఈ రెండు బాబిన్లు చూడండి. ఒకదాని అడుగున తీగకు గుచ్చిన గాజుపూసలున్నాయి. రెండోది నున్నగా, మొనదేలి ఉంది. పూసలు సింగారానికే అని చాలాకాలం అనుకున్నాను. కాదు.

పూసలది బకింగ్‌హమ్‌షైర్, బెడ్‌ఫర్డ్‌షైర్ వైపుది. అక్కడ పూలు, వాటిని పట్టి ఉంచే అల్లిక కలిసి పట్టీ అంతా ఒకేసారి దిగుతుంది. పూసల బరువుకి దారం బిగువుగా ఉంటుంది, బాబిన్ దొర్లిపోదు. కొన్నిటి మీద ప్రియమైనవాళ్ల పేర్లు చుక్కలుగా తొలిచి ఉంటాయి, అవి చూస్తే నాకు గుండె బరువెక్కుతుంది.

రెండోది డెవన్‌లోని హానిటన్ లేసుది. అక్కడ పువ్వు, ఆకు విడివిడిగా చేసి కలుపుతారు. అల్లిన అంచులోంచి ఒక దారాన్ని ఉచ్చులా పైకి లాగి, అందులోంచి జతలోని రెండో బాబిన్‌ను దూర్చాలి. పూసలుంటే ఎలా దూరుతుంది?

పొరుగు ప్రాంతాల మధ్య కూడా తేడాలున్నాయి. బక్స్ పాయింట్ అనే బకింగ్‌హమ్‌షైర్ లేసులో తేనెపట్టులాంటి వల ఉంటుంది. బెడ్‌ఫర్డ్‌షైర్ లేసులో ఆ వల లేదు, జడపాయల్లాంటి అల్లికలే పూలను పట్టి ఉంచుతాయి. 1851 లండన్ మహాప్రదర్శనలో చూసిన మాల్టా లేసు ప్రభావం అది.

వలకు పోటీ యంత్రం నుంచి వచ్చింది. జాన్ హీత్‌కోట్ 1808, 1809లలో వల నేసే యంత్రాలకు పేటెంట్లు తీసుకున్నాడు. 1816లో లఫ్‌బరోలోని ఆయన మిల్లులో 55 యంత్రాలను పగలగొట్టారు. ఆయన మకాం మార్చింది డెవన్‌లోని టివర్టన్‌కే, హానిటన్ లేసు గడ్డకే! అక్కడి ఆడవాళ్లు తమ పూలను యంత్రపు వల మీద కుట్టడం మొదలుపెట్టారు. 1840లో జరిగిన పెళ్లికి విక్టోరియా రాణి వేసుకున్న దుస్తుల లేసు తయారైంది కూడా డెవన్‌లోనే, బీర్ అనే జాలరిపల్లెలో. రాణి పేరు అందరికీ తెలుసు, ఆ పూలు అల్లిన వందలాది చేతుల్లో ఎన్నిటి పేర్లు మనకు తెలుసు?

ఈ రెండు బాబిన్లూ ఇప్పుడు వరసలో పంపిస్తాను. ఒక్కోటీ అరచేతిలో పెట్టుకుని బరువు చూడండి.